శనివారపు ఉప్పు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది యాభై ఏడో ఏట. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం తీయాల్సిన చోట తీయకపోయినా సర్దుకుని చదువుకోండి. ఒక పేజీ రాయాలంటే నాకు ఒక పూట పడుతుంది. ఈ కథకు వానాకాలం మొత్తం పట్టింది. ఇంత నిదానంగా రాసేవాళ్లకు ఒక లాభం ఉంది. ఊరికే ఒకరిని పొగడాలంటే వేళ్లు నొప్పి పుడతాయి. కాబట్టి ఇందులో పొగడ్తలు పెద్దగా ఉండవు. ఉన్నవి కూడా నావి కావు.

బాపట్లలో రైలుకట్టకు అవతల ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. నూట పది మంది పిల్లలు. ఆ నూట పది కడుపులకూ ఇరవై ఒక్క ఏళ్లు వండి పెట్టింది లక్ష్మమ్మ. ఆమె సొంతూరు కొల్లూరు దగ్గర లంక. మొగుడు లాజరు వడ్రంగి. ఆయన పోయాక కృష్ణ ఒడ్డు వదిలి ఇక్కడికి వచ్చి గరిటె పట్టుకుంది. వంటగది వెనక రేకుల గది ఒకటి ఇచ్చారు. గరిటె చేతిలో ఉన్నంత కాలం గది ఆమెది. గరిటె దించిన రోజు గడప కూడా దిగాలి. ఈ సంగతి ఏ కాగితం మీదా లేదు. కాగితం మీద ఉన్నవాటిని మార్చుకోవచ్చు, లేనివాటిని ఎవరు మారుస్తారు?

హాస్టలుకు పెద్ద, జార్జి సారు. హెడ్మాస్టరు కుర్చీ దిగి పదహారేళ్లయింది గానీ ఆ సంగతి ఆయన నడకకు ఇంకా తెలియలేదు. ప్రతి శనివారం పదకొండు గంటలకు వంట రుచి చూడటానికి వస్తాడు. వరండాలో చేతుల కుర్చీ వేయాలి. ఎదురుగా చిన్న బల్ల, బల్ల మీద స్టీలు పళ్లెం, పళ్లెంలో ఆ రోజు వండినవన్నీ ఒక్కో గరిటె. పక్కన క్లర్కు సుందరయ్య నిలబడాలి. సుందరయ్యది రేపల్లె. సారు తానా అంటే తందానా అనడం అతని అసలు ఉద్యోగం. క్లర్కు పని తీరిక ఉన్నప్పుడు చేస్తాడు.

సారు ముందు వాసన చూస్తాడు. తర్వాత పైకప్పు వైపు చూస్తాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు. తర్వాత పప్పుచారు ఒక చెంచా నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంటాడు. వరండా అంతా ఊపిరి బిగబట్టాలి.

"ఉప్పు తగ్గింది, లక్ష్మమ్మా."

లక్ష్మమ్మ నుదురు కొట్టుకుంటుంది. "అయ్యో, నా మతి మండ! మీ నాలుక ముందు ఏదీ దాగదండి."

"నేను ఇంటి దగ్గర కూడా అదే చెబుతానండి," అంటాడు సుందరయ్య. "మా ఆవిడ కూర వండితే, ఇది మా సారు తింటే ఏమంటారో అని ఆలోచించి మరీ తింటానండి."

సారు నవ్వడు. నవ్వితే తేలికైపోతాడు. కానీ మెడ కింద చర్మం సంతోషంతో కొంచెం వణుకుతుంది. మిగతా పళ్లెం వైపు చూడకుండా చెయ్యి కడుక్కుని వెళ్లిపోతాడు. ఆయన గేటు దాటాక లక్ష్మమ్మ లోపలికి వచ్చి, గిన్నెలో పక్కన పెట్టుకున్న గుప్పెడు ఉప్పు గుండిగలో వేసి కలుపుతుంది. ఆ గుప్పెడు పొద్దున్నే కొలిచి తీసి పెట్టిందే. ఆమె దానికి శనివారపు ఉప్పు అని పేరు పెట్టుకుంది.

ఈ విద్య ఆమెకు లాజరు నేర్పిందే. ఆయన ఏ ఇంటికి తలుపులు బిగించినా ఒక్క గడియ కాస్త బిగుతుగా వదిలేవాడు. ఇంటాయన వచ్చి నాలుగు తలుపులూ తోసి, ఆ గడియ దగ్గర ఆగి, "ఇది పట్టేస్తోంది లాజరూ" అనేవాడు. లాజరు "ఎంత కన్నండీ మీది!" అని రెండుసార్లు ఆకురాయి ఆడించేవాడు. గడియ జారేది. ఇంటాయన ఛాతీ పెరిగేది.

"పెద్దమనిషికి మనమే ఒక తప్పు చేసి చేతికివ్వాలే," అనేవాడు లాజరు. "ఇవ్వకపోతే తనే వెతుక్కుంటాడు. వెతకడం మొదలెడితే గడియతో ఆగడు, గోడ దాకా పోతాడు."

పెద్దవాళ్లకు పొగడ్త ఇష్టమని లోకం అనుకుంటుంది. లోకానికి సగమే తెలుసు. ఊరికే పొగిడితే వాళ్లు అనుమానపడతారు, వీడికేదో కావాలి అని. ముందు వాళ్ల చేత ఒక తప్పు పట్టించి, ఆ తప్పు పట్టినందుకు పొగిడితే మాత్రం చంటిపిల్లల్లా నమ్ముతారు. లక్ష్మమ్మ ఇరవై ఒక్క ఏళ్లు ఆ నమ్మకం మీదే నూట పది మందికి వండింది. వారానికి ఒక గుప్పెడు ఉప్పు, ఒక అబద్ధం. చవక బేరమే అనుకుంది.

పోయిన ఏడాది శ్రావణంలో ఒక శనివారం ఆ బేరం బయటపడింది. నాగజ్యోతి అని ఒకామె కొత్తగా వంటలో సాయానికి చేరింది. చేతులు చురుకు, నోరు ఇంకా చురుకు. పప్పుచారు మూత తీసి రుచి చూసి, ముసలావిడ ఉప్పు మరిచిపోయింది కాబోలు అనుకుని, పక్కన గిన్నెలో ఉన్న గుప్పెడూ వేసి కలిపేసింది. లక్ష్మమ్మ పెరట్లో గోంగూర వలుస్తోంది. ఆమెకు తెలియదు.

సారు వచ్చాడు. వాసన చూశాడు. పైకప్పు చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఉప్పు తగ్గింది, లక్ష్మమ్మా."

"అయ్యో, మీ నాలుక ముందు ఏదీ దాగదండి," అని లోపలికి వచ్చి గిన్నె కోసం చెయ్యి చాపింది. గిన్నె ఖాళీ.

"అది నేనెప్పుడో వేసేశా పిన్నీ," అంది నాగజ్యోతి. "నువ్వు మర్చిపోయావని."

లక్ష్మమ్మ గరిటెతో తీసి అరచేతిలో పోసుకుని నాకింది. ఉప్పు సరిగ్గా ఉంది. ఇంకొంచెం ఉంటే ఎక్కువయ్యేదే.

ఆ వారమంతా ఆమెకు నిద్ర సరిగా లేదు. పై శనివారం సారు పళ్లెం వరకు చారు విడిగా తీసి అందులో రెండింతలు ఉప్పు వేసింది. "తగ్గింది" అన్నాడు. ఆ పై శనివారం చింతపండు లేకుండా ఇచ్చింది. "ఉప్పు తగ్గింది" అన్నాడు. మూడో శనివారం పసుపు కలిపిన వేణ్ణీళ్ల మీద పోపు తేల్చి పెట్టింది. సారు చాలాసేపు కళ్లు మూసుకుని, "ఇవాళ చారు బాగా కుదిరింది. ఉప్పే తగ్గింది," అన్నాడు. సుందరయ్య మునివేళ్లు ముద్దాడి చూపించాడు.

నాగజ్యోతి తలుపు చాటున చెంగు నోట్లో కుక్కుకుని నవ్వి నవ్వి కూలబడింది. "ఈయనకు నాలుక చచ్చిపోయింది పిన్నీ!"

ఎప్పుడు చచ్చిందో లక్ష్మమ్మ లెక్క కట్టుకుంది. కరోనా జ్వరం వచ్చి సారు నెలరోజులు మంచం మీద ఉన్నాడు. చాలామందికి పోయిన రుచి తిరిగి వచ్చింది. ఈయనకు రాలేదు. అప్పటినుంచి ఆ కుర్చీలో కూర్చుని అంటున్నది రుచి చూసి కాదు, అలవాటు మీద.

మొదట ఆమె కూడా నవ్వింది. తర్వాత ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ శనివారం వస్తే అరచేతులు చెమటలు పట్టేవి. ఒక మనిషి చెంచా వైపు చూస్తూ నిలబడేది. ఎవరికోసం? తోలుముక్కకోసం. మంట చల్లారాక మూడోది వచ్చింది. అదేంటో చెప్పుకోవడానికి సిగ్గుపడింది గానీ, అది సుఖం. పెద్దమనిషి గుట్టు చేతికి చిక్కితే కలిగే సుఖం జిలేబీలో కూడా ఉండదు. జిలేబీ తింటే అయిపోతుంది.

"చెప్పేద్దాం పిన్నీ," అంది నాగజ్యోతి.

"ఎవరికి చెబుతావే? సుందరయ్యకా? ఆయన నాలుక సారు నోట్లోనే కదా ఉంది."

ఊరుకుంది. అంతా అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ మాఘంలో తెనాలిలో ఒక పెళ్లికి సారు వెళ్లాడు. అక్కడ వంట షఫీక్ అనే క్యాటరింగు అతనిది. షఫీక్ సారు కూర్చునే కుర్చీని తన భుజం మీది తువ్వాలుతో తుడిచాడట. బిర్యానీ వడ్డించి, "మీలాంటి పెద్దలు తిని ఒక్క మాటంటే మా వంటకు విలువండి" అన్నాడట. లక్ష్మమ్మ వారానికి ఒకసారి పొగుడుతుంది, అది కూడా తప్పు పట్టాక. షఫీక్ కుర్చీ తుడవడంతోనే మొదలెట్టాడు. పొగడ్త కూడా కల్లులాంటిదే. ఒకసారి చిక్కటిది తాగినవాడికి నీళ్లు కలిపింది రుచించదు. నాలుక చచ్చినవాడికి కూడా చెవులు బతికే ఉంటాయి.

ఆ తర్వాతి శనివారం సారు చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "వచ్చే ఆదివారం హాస్టలు వార్షికోత్సవం. కమిటీ వాళ్లంతా భోంచేస్తారు. ఆ వంట నువ్వే చెయ్యి. బాగుందంటే నువ్వే ఉంటావు. లేదంటే ఒకటో తారీకు నుంచి షఫీక్ వాళ్లు చూసుకుంటారు. నీకూ వయసైంది కదా."

"బాగుందో లేదో ఎవరు చెప్తారండి?"

సారు ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. "నేను ఉన్నానుగా."

"సారు ఉన్నారుగా," అన్నాడు సుందరయ్య.

ఆ వారం లక్ష్మమ్మ ఆలోచించిన తీరు ఇది. ఉప్పు తగ్గిస్తే తగ్గిందంటాడు, దాని మీదే పంపేస్తాడు. తగ్గించకపోయినా తగ్గిందే అంటాడు. అంటే ఉప్పుకూ ఆయనకూ ఏ సంబంధం లేదు. కానీ బల్ల దగ్గర ఆయనొక్కడే ఉండడు. కమిటీ వాళ్లుంటారు. బర్నబాస్ అయ్యగారు ఉంటారు, పాస్టరు. రిటైరైన లిడియా టీచరమ్మ ఉంటుంది, ఎనిమిదేళ్లు ఈ హాస్టలు వార్డెనుగా ఈ తిండే తింది. వాళ్లందరికీ నాలుకలున్నాయి. వాళ్లకోసం వండుతాను. చారులో ఇసుమంత తప్పు లేకుండా వండుతాను. అంతమంది ముందు ఉప్పు తగ్గిందని ఎలా అంటాడో చూస్తాను.

ఇరవై ఒక్క ఏళ్లు పెద్దమనిషి మనసు చదివిన మనిషి, ఆయన చుట్టూ కూర్చునేవాళ్ల మనసు చదవలేదు. నాలుక ఉంటే చాలు, వాడతారు అనుకుంది.

ఆదివారం తెల్లవారుజామునే సూర్యలంక నుంచి చందువా చేపలు వచ్చాయి. లక్ష్మమ్మ వేపుడు చేసింది. గోంగూర నూరింది. పప్పుచారు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. లేత ములక్కాడలు, చిన్న ఉల్లిపాయలు, కొత్త చింతపండు, చివర ఇంగువ పోపు. ఉప్పు మూడుసార్లు చూసింది. నాగజ్యోతి చేత చూపించింది. గిన్నెలో ఏమీ మిగల్చలేదు.

పిల్లల భోజనాలయ్యాక వరండాలో పెద్ద బల్ల మీద కమిటీకి ఆకులు వేసి, పక్కన చారు గిన్నెలు పెట్టారు. సారు గేటు దగ్గర ఎవరితోనో ఫోనులో ఉన్నాడు, మొదలుపెట్టమని చెయ్యి ఊపాడు. మొదలుపెట్టారు. ఎవరూ మాట్లాడలేదు. తిండి నిజంగా బాగుంటే మనుషులు పొగడరు, తింటారు. తర్వాత లిడియా టీచరమ్మ వేలు నాకి, "అబ్బ, చారు అమృతంలా ఉంది లక్ష్మమ్మా. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ చేయలేదు," అంది.

"ఇంకో గరిటె పోయమ్మా," అన్నాడు బర్నబాస్ అయ్యగారు.

"నాకు గ్లాసులో పోయక్కా," అన్నాడు సుందరయ్య. గ్లాసెడు తాగి, మళ్లీ గ్లాసు చాపాడు.

లక్ష్మమ్మకు మోకాళ్లలో నొప్పి పోయినట్టయింది. అంతలో సారు వచ్చి బల్ల తల దగ్గర కూర్చున్నాడు. అన్నం కలపకుండానే చారు చెంచాతో తీసుకున్నాడు. పైకప్పు చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఉప్పు తగ్గింది, లక్ష్మమ్మా."

ఒక్క క్షణం నమలడాలు ఆగాయి. లిడియా టీచరమ్మ వేలు ఇంకా పెదవి దగ్గరే ఉంది. దాన్ని నెమ్మదిగా కిందికి దించింది.

ముందు తేరుకున్నది సుందరయ్యే. "నాకూ అదే అనిపించిందండి. రెండు గ్లాసులు తాగి చూశానండి, ఏదో తగ్గింది, ఏదో తగ్గింది అని. అంతు చిక్కలేదు. మీరు వచ్చి ఒక్క చెంచాతో తేల్చేశారు!"

"అవును, కొంచెం చప్పగానే..." అన్నాడు బర్నబాస్ అయ్యగారు, ఆకు వైపు చూస్తూ.

"ఉప్పు తెండి," అన్నాడు సారు.

ఉప్పు డబ్బా వచ్చింది. సారు రెండు చెంచాలు వేసుకుని సుందరయ్యకు ఇచ్చాడు. సుందరయ్య రెండు వేసుకున్నాడు, సారు కంటే తక్కువ వేస్తే బాగుండదని. డబ్బా చేతులు మారింది. బర్నబాస్ అయ్యగారికి బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. అయినా సారు చూస్తున్నాడని ఒక చెంచా వేసుకుని, కలిపి, కళ్లు చికిలిస్తూ తాగాడు. లిడియా టీచరమ్మ చిటికెడే వేసుకుంది. ఆవిడకు పెన్షనూ ఉంది, సొంతిల్లూ ఉంది, భయపడాల్సిన అవసరం ఒక్కటీ లేదు. అయినా వేసుకుంది. అవసరం ఉండి భయపడేవాళ్లను క్షమించవచ్చు. అలవాటు కొద్దీ భయపడేవాళ్లే ఇలాంటి కుర్చీలకు నాలుగు కాళ్లు.

"ఇప్పుడు కుదిరింది," అన్నాడు సారు.

"కుదిరిందండీ!" అన్నారందరూ. ఒకరికి పొలమారింది.

అందరూ లక్ష్మమ్మ వైపు తిరిగారు. ఆమె అనాల్సిన మాట ఒకటి ఉంది. ఆ మాట అంటే నుదురు కొట్టుకోవడం ఒకటే ఖర్చు, గదీ గరిటే మిగులుతాయేమో. సుందరయ్య కళ్లతో సైగ కూడా చేశాడు, అనక్కా, అనెయ్ అని.

"ఉప్పు సరిపోయిందండి," అంది లక్ష్మమ్మ.

"ఏంటి?"

"చారులో ఉప్పు సరిగ్గా ఉందండి. ఇప్పుడు మీ గిన్నెల్లో ఉన్నదే ఎక్కువైంది."

సారు మెడ కింద చర్మం మళ్లీ వణికింది, ఈసారి సంతోషంతో కాదు. "ఇంతమంది తగ్గిందంటే, నీ ఒక్కదానికే సరిపోయిందా?"

"వాళ్లు మీరు రాకముందు ఏమన్నారో అడగండి."

ఎవరూ తలెత్తలేదు. బర్నబాస్ అయ్యగారు చేప ముల్లు వెతుకుతున్నట్టు వెతికాడు. సారు గిన్నె పైకెత్తి, ఆమె కళ్లలోకి చూస్తూ, అందులో ఉన్న ఉప్పు చారంతా గుక్క తిప్పుకోకుండా తాగాడు. తాగి గిన్నె ఠపీమని పెట్టాడు. అది చూసి మిగతావాళ్లూ తాగక తప్పలేదు. ఆయనకైతే తెలియదు పాపం. వాళ్లకు తెలిసి తాగారు.

లక్ష్మమ్మ వంటగదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి పెరటి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. బర్నబాస్ అయ్యగారు.

"లక్ష్మమ్మా, చారు చాలా బాగుందమ్మా. దేవుడికి తెలుసు."

"దేవుడు కమిటీలో లేడు కదా అయ్యగారూ."

ఆయన మంచినీళ్లు అడిగి రెండు చెంబులు తాగి వెళ్లిపోయాడు. తర్వాత లిడియా టీచరమ్మ వచ్చింది. "నాకు బాధేసిందే. కానీ నలుగురిలో గొడవెందుకని..."

"నేను ఒక్కదాన్నేనండీ, నలుగురు మీరే కదా."

టీచరమ్మ ముఖం చిన్నబుచ్చుకుని, తన మంచితనానికి విలువ లేదన్నట్టు వెళ్లిపోయింది. మూడో మనిషి సుందరయ్య. చేతిలో టిఫిను క్యారియరు.

"అక్కా, మా ఆవిడకు కొంచెం చారు కట్టివ్వవా? ఆ బల్ల మీదది కాదు, గుండిగలోదే, ఉప్పు వేయనిది."

నాగజ్యోతికి నవ్వాగలేదు. లక్ష్మమ్మ క్యారియరు అందుకుని, మూత పెట్టి, ఖాళీగానే చేతికిచ్చింది. "అందులో ఉప్పు తక్కువండి. మీకు పడదు."

అందరి తర్వాత సారు వచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన వంటగదిలో అడుగు పెట్టడం అదే మొదలు. పొయ్యి ఎక్కడుందో కూడా తెలియనట్టు చుట్టూ చూశాడు. నాగజ్యోతిని బయటికి పొమ్మని, కూరలు తరిగే పీట మీద కూర్చున్నాడు. పీట మీద ఆయన చాలా చిన్నగా ఉన్నాడు.

"నీకు తెలుసు కదా," అన్నాడు.

"తెలుసండి."

"ఎవరికైనా చెప్పావా?"

"చెబితే నమ్మేదెవరండి? ఇప్పుడు చూశారుగా, సొంత నాలుకలనే నమ్మలేదు."

సారు అరచేతులు చూసుకున్నాడు. "ఆ జ్వరం నుంచి ఏమీ తెలియదు లక్ష్మమ్మా. మాంసమైనా మట్టైనా ఒకటే. కాఫీ వేడిగా ఉందో లేదో తెలుస్తుంది, అంతే. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. రోజూ తిని బాగుందంటాను."

లక్ష్మమ్మకు జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"నువ్వే ఉండు," అన్నాడు సారు. "షఫీక్‌ను వద్దంటాను. నీ గదికి రేకులు తీయించి శ్లాబు వేయిస్తాను. ఫ్యాను పెట్టిస్తాను. చేతికింద ఇంకో మనిషిని ఇస్తాను. నువ్వు చేయాల్సింది ఒక్కటే. నేను కుర్చీలో కూర్చునే ముందు ఏది ఎలా ఉందో నా చెవిన వేయి. నువ్వేది చెబితే అదే నా మాట. ఎవరికీ తెలియదు."

నిజం చెప్పాలంటే ఆమెకు నోరూరింది. సుందరయ్య తెచ్చే టీ బాగాలేదని తను చెవిలో అంటే, వరండాలో అది తీర్పు అవుతుంది. నాగజ్యోతి కూర మాడిందంటే మాడినట్టే. కుర్చీ ఆయనది, నాలుక తనది. కమిటీ మొత్తం తన నాలుక మీద కూర్చుని చెంచాలతో ఉప్పు వేసుకుంటుంది. ఆ బొమ్మ కళ్ల ముందు ఎంత తియ్యగా ఉందంటే, అంత తీపికి ఆమెకే వెగటు పుట్టింది. ఈయన కూడా ఇక్కడే మొదలయ్యాడు కాబోలు అనుకుంది.

"శ్లాబు వద్దండి," అంది. "ఫ్యానూ వద్దు. మనిషీ వద్దు. వాళ్లింకా వరండాలోనే ఉన్నారు. ఒక్కసారి రండి. 'లక్ష్మమ్మ చారులో ఉప్పు సరిపోయింది' అనండి. నేను ఉంటాను. మీకు రుచి తెలియదన్న మాట నాతోనే మట్టిలో కలుస్తుంది."

సారు పీట మీద కదిలాడు. "అది తప్ప ఏదైనా అడుగు."

"ఒక్క మాటేగా."

"ఆ ఒక్క మాట అంటే ఇంతకాలం అన్న మాటలు ఏమవుతాయి? రేపు గేటు దగ్గర వాచ్‌మెన్ కూడా, సారుకు పొరపాటు పడిందంట అంటాడు." గొంతు బతిమాలుతోంది. "రెండు గదులిస్తాను. జీతం పెంచుతాను."

"నాకు మాటే కావాలండి."

ఆయన గదులు ఇస్తానన్నాడు, జీతం ఇస్తానన్నాడు, మనిషిని ఇస్తానన్నాడు. పైసా ఖర్చు లేనిది అడిగితే మాత్రం చేతులు రాలేదు. ఎవరికైనా అంతే. ఉన్నదంతా పంచిపెట్టే దాత కూడా, నాదే పొరపాటు అనే మాట దగ్గరికి వచ్చేసరికి పిసినారే.

సారు లేచి పంచె దులుపుకున్నాడు. గుమ్మం దాకా ముసలివాడిలా నడిచాడు. గుమ్మం దగ్గర వెన్ను నిటారు చేసుకుని, వరండాకు వినపడేట్టు గొంతెత్తాడు. "చెప్పి చూశానయ్యా! పెద్దరికం కొద్దీ లోపలికి వచ్చి మరీ చెప్పాను. ఈవిడకు తప్పు ఒప్పుకునే గుణం లేదు. ఒకటో తారీకు నుంచి షఫీక్ వస్తాడు."

"ఎంత ఓర్పండీ మీది!" అన్నాడు సుందరయ్య. మాట మధ్యలో ఎండిపోయిన గొంతు పట్టేసి దగ్గాడు.

నాగజ్యోతి లోపలికి వచ్చి, "అందరికీ చెప్పేస్తా పిన్నీ, వరండాలోకి వెళ్లి అరిచి మరీ చెప్పేస్తా," అంది.

"చెప్పు," అంది లక్ష్మమ్మ. "'రుచి తెలియకపోయినా ఉప్పు కనిపెట్టారంటే ఎంత గొప్ప మనిషో' అంటారు. నీ పని కూడా పోతుంది. గుండిగ తోమేద్దాం రా."

ఒకటో తారీకు పొద్దున్నే షఫీక్ తెనాలి నుంచి వ్యానులో గిన్నెలు వేసుకుని వచ్చాడు. మనిషి మంచివాడే. ముసలావిడ గది ఖాళీ చేస్తుంటే చూసి ఇబ్బంది పడ్డాడు. పెట్టె తనే ఎత్తి వరండాలో పెట్టాడు.

"నా వల్ల కాదు పిన్నీ, వాళ్లే పిలిచారు."

"తెలుసయ్యా." లక్ష్మమ్మ వంటగదంతా తిప్పి చూపించింది. ఎడమ పొయ్యి మంట ఒక పక్కకే కొడుతుంది, గుండిగ తిప్పుకుంటూ ఉండాలి. బియ్యం గదిలో కిటికీ మూస్తే చెమ్మ పడుతుంది. గురువారం కరెంటు పోతుంది, పిండి ముందే రుబ్బుకోవాలి. షఫీక్ అన్నీ బుర్ర ఊపుతూ విన్నాడు. చివరికి అసలు ప్రశ్న అడిగాడు.

"సారుకు ఏది ఇష్టం పిన్నీ? ఎలా వండితే నచ్చుతుంది?"

లక్ష్మమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది. రేపల్లెలో చెల్లెలు రాఘవమ్మ ఇల్లుంది. చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సుకు ఇంకా అరగంట టైము ఉంది. చెప్పాలనుకుంటే అంతా చెప్పడానికి సరిపోయే టైమే.

"ఆయనకు ఏం పెట్టినా ఒకటేనయ్యా," అంది.

షఫీక్ ముఖం విప్పారింది. "అంత మంచి మనిషా! నేనింకా భయపడ్డాను."

"పిల్లలకు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని వండు. బాగాలేకపోతే మొహం మీదే చెబుతారు. వాళ్లు ఇంకా చిన్నవాళ్లు."

పెట్టె నెత్తిన పెట్టమని అతన్నే అడిగింది. పెట్టాడు. గేటు దగ్గర వాచ్‌మెన్ లేచి నిలబడ్డాడు గానీ, నమస్కారం పెట్టొచ్చో లేదో తెలియక, సారు వస్తున్నాడేమోనని ముందు రోడ్డు వైపు చూశాడు.

— కట్టా దీనమ్మ, వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది రేపల్లెలో, రైల్వే స్టేషను వెనక వీధి.